పెంట మోసినోళ్లకు పంట ఎందుకు దక్కలేదు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేలల చరిత్ర

తెలంగాణ వ్యవసాయ చరిత్ర పేరుతో మనకు చదివించేది చాలావరకు రాజుల చరిత్రే. చెరువు తవ్వించిన రాజు పేరు శాసనంలో ఉంటది. కాలువకు పునాదిరాయి వేసిన నాయకుడి పేరు శిలాఫలకం మీద ఉంటది. ఆ చెరువు కింద వందల ఏండ్లు అదే మడిలో వరి పండింది. మరి ఆ నేల ఎందుకు చచ్చిపోలేదు? దానికి సారం ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎవలు మోసిండ్రు? ఈ ప్రశ్నలు మన చరిత్రకారులకు పెద్దగా తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. జవాబు వెతుక్కుంటూ పోతే పెంటకుప్పల దగ్గరికి, చచ్చిన గొడ్ల దగ్గరికి, మాలవాడ మాదిగవాడల దగ్గరికి పోవలసి వస్తది.

పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలను తీసుకుని ఆ దారిన కొంతదూరం పోయి చూద్దాం. 2016 అక్టోబర్ 11న జరిగిన విభజనతో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోకి, మూడోది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చినయి. జిల్లాల హద్దులు మారినా నేలకు సంబంధించిన ప్రశ్న ఒకటే. ప్రకృతిలో పోషకాలు తిరిగే చక్రాన్ని మన ఊర్లలో తిప్పింది కింది కులాల శ్రమ. తిప్పినోళ్లకు భూమి లేకుండా చేసినందువల్ల ఆ సారం ఎప్పుడూ వాళ్ల చేతుల మీదుగా పోయి ఇంకొకరి పొలంలో దిగింది. యూరియా బస్తా వచ్చి ఆ మోతబరువును కొంత తగ్గించింది గాని సారం పోయే దిక్కును మార్చలేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

నేల సారం ఎట్ల తిరుగుతది

మొక్కకు ఎక్కువగా కావలసినవి మూడు: నత్రజని, భాస్వరం, పొటాష్. మూడింటి నడక మూడు తీర్లు. గాలిలో 78 శాతం నత్రజనే ఉంది. కాని మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. కంది, పెసర, అనుము, ఉలవ వంటి పైర్ల వేర్ల మీది బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలి నత్రజనిని నేలకు పట్టిస్తయి. భాస్వరం గాలిలో ఉండదు, రాళ్లలో ఉంటది. రాయి అరిగి మట్టి అయినప్పుడు మెల్లగా విడుదలైతది, మొక్కల ద్వారా మన బొక్కల్లోకి, పశువుల బొక్కల్లోకి చేరుతది. వరి పైరు తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో ఉండదు, గడ్డిలో మిగులుతది.

టన్ను వడ్లు పండించే పైరు నేల నుంచి 15 నుంచి 20 కిలోల నత్రజని గుంజుకుంటది. తీసుకున్నది ఏదో ఒక రూపంలో వెనక్కి రావాలె. పేడ, మూత్రం, ఆకు అలం, బూడిద, కళేబరం కుళ్లితేనే అందులో ఉన్నది మళ్లీ మొక్కకు అందుతది. ప్రకృతిలో కుళ్లడం చావు కాదు, మరో పంటకు తయారీ. కుళ్లే చోటనే చక్రం అతుక్కుంటది.

బ్రాహ్మణీయ సమాజం సరిగ్గా ఆ అతుకు దగ్గర నిలబడ్డ మనుషులకే అంటరానివాళ్లని పేరు పెట్టింది. పంట పవిత్రం, పెంట మైల. పాలు పవిత్రం, పాలిచ్చిన బర్రె చచ్చిపోతే దాన్ని ముట్టినోడు మైల. కంచ ఐలయ్య 1996లో వచ్చిన 'నేను హిందువు నెట్లయిత?' పుస్తకం నుంచి పదే పదే చెప్పింది ఉత్పత్తి కులాల శ్రమలోని జ్ఞానం గురించే. తోలు కుళ్లకుండా ఆపడం ఒక విద్య. పెంట సరిగ్గా కుళ్లేటట్టు చూడడం మరో విద్య. రెండూ తెలిసినోళ్లను ఊరి బయట పెట్టిండ్రు.

నేల సారం గురించి రాసిన తొలి బహుజన ఆలోచనాపరుడు జోతీరావు ఫూలే అనొచ్చు. 1883 నాటి 'శేత్కర్యాచా ఆసూడ్'లో ఆయన రైతు అప్పుల గురించే కాదు, మట్టి గురించి కూడా రాసిండు. గుట్టల మీది ఆకులు, గడ్డి, పూలు, చచ్చిన జీవాల సారాన్ని వాన కడిగి పొలాలకు తెచ్చేదని, ఆ సారం వాగుల్లో కొట్టుకుపోకుండా చిన్న చిన్న కట్టలు వేయాలని, ఆ పనికి సిపాయిలను, పోలీసులను పెట్టాలని సూచించిండు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1840లో పంట పోషకాల మీద రాసినదాన్ని చదివి, పట్నం తిన్నది పల్లె నేలకు తిరిగిపోవడం లేదని మార్క్స్ 1867లో 'పెట్టుబడి'లో ఎత్తిచూపిండు. ఐరోపాలో ఆ చీలిక పట్నానికి, పల్లెకు నడుమ. మన దగ్గర దానికి ముందే మరో చీలిక ఉంది. అది ఊరికి, వాడకు నడుమ.

ఊరి చక్రంలో ఎవలు ఎక్కడ

పాత ఊరిలో పొలానికి సారం నాలుగైదు దారుల్లో వచ్చేది. మొదటిది పశువుల కొట్టం. జీతగాడు కొట్టం ఊడ్చి పెంటకుప్ప మీద వేసేది. ఎండాకాలం చివర కుప్ప తవ్వి బండ్లకు ఎత్తేది, పొలంలో కుప్పలు పోసి చిమ్మేది కూలోళ్లు, అందులో ఎక్కువమంది మాల మాదిగ ఆడోళ్లు. రెండోది గొర్ల మంద. గొల్ల కురుమలు రాత్రిపూట పొలంలో మంద పెడితే పిడసలు, మూత్రం నేరుగా నేలకు దిగేవి. అందుకు గింజలు ముట్టేవి. మూడోది ఆకు ఎరువు. కానుగ, తంగేడు మండలు కొట్టి తెచ్చి దమ్ములో తొక్కేది. నాలుగోది చెరువు మట్టి. ఎండిన చెరువు అడుగున ఉన్న నల్లమట్టిని తవ్వి పొలాలకు తోలేది. ఇక తూము తీసి ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే నీరడి, చాలా ఊర్లలో మాల కులస్తుడు. నీటితోపాటు కరిగిన సారం కూడా ఆయన చేతుల మీదుగానే పారింది. ఆయన సొంత మడికి మాత్రం పారలేదు, ఎందుకంటే చాలామంది నీరడిలకు చెప్పుకోదగ్గ మడి లేదు.

ఐదో దారి చచ్చిన గొడ్డు. మాదిగ దాన్ని ఈడ్చుకపోయి తోలు తీసేది. ఆ తోలుతో మోట బొక్కెన, చెప్పులు, పగ్గాలు. మోట బొక్కెన లేకుంటే బాయి నీళ్లు పైకి రావు, నీళ్లు రాకుంటే పొలంలో పోసిన పెంట పైరుకు అందదు. బొక్కల సంగతి వేరే. బొక్కల్లో భాస్వరం దండిగా ఉంటది. బ్రిటిష్ కాలంలో ఈ దేశం నుంచి పశువుల బొక్కలు ఓడలకెక్కి విదేశీ పొలాలకు ఎరువుగా పోయినయి. పొట్టకూటికి బొక్కలు ఏరి షావుకారుకు అమ్మినోళ్లు ఎక్కువగా దళితులే. మన నేల భాస్వరం సముద్రం దాటింది, ఏరినోళ్లకు కూలి పైసలు మిగిలినయి.

కళేబరాలు శుభ్రం చేసే పని మాదిగలతో పాటు రాబందులు కూడా చేసినయి. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల 1990ల నుంచి దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకు పోయినయి. 2006లో ప్రభుత్వం ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. బెజ్జూరు అడవిలో మిగిలిన రాబందుల కోసం అటవీశాఖ కాపలా పెట్టింది. అది మంచి పనే. పర్యావరణవాదులు రాబందును ప్రకృతి పారిశుద్ధ్య కార్మికుడని మెచ్చుకుంటరు. అదే పని చేసిన మనిషికి ఆ మెప్పు దక్కలేదు, మంచినీళ్ల బాయి కూడా దక్కలేదు.

వెట్టి అంటే సారాన్ని ఉత్తగ గుంజుడు

నైజాం పాలనలో ఈ శ్రమంతా వెట్టి చట్రంలో నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడ్డ తన తెలంగాణ పోరాట గ్రంథంలో ఏ కులం ఏం వెట్టి చేయాల్నో వివరించిండు. దళిత కుటుంబాలు మనిషిని పంపాలె, ఊడిగం చేయాలె, చెప్పులు, తోలు సామాన్లు ఉత్తగ ఇయ్యాలె. గొల్లలు గొర్రెలు ఇయ్యాలె. వ్యవసాయం పనుల్లో దొర పొలం ముందు, మిగతా పొలాలు తర్వాత.

వెట్టిని మనం అవమానంగా, దోపిడిగా చూసినం. అది సరైనదే. దీన్ని నేల వైపు నుంచి కూడా చూడాలె. వానకు ముందు పదును ఉన్న నాలుగు రోజులే పెంట తోలే అదను. ఆ నాలుగు రోజులు దొర పొలానికి పోతే కౌలుదారు పొలానికి, చిన్నరైతు చెల్కకు ఎరువు ఆలస్యం అయితది. ఊరి మనుషుల బలమంతా, ఊరి పశువుల పెంటంతా ముందు ఒకే గడి పొలాల్లో దిగుతది. దొర భూమి బంగారం పండుతుందని చెప్పుకునే ఊర్లలో ఆ బంగారం ఎట్ల వచ్చిందో ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. కూలి ఎగవేయడం ఒక దోపిడి. సారాన్ని ఒక దగ్గరికి చేర్చడం దాని కింద దాగిన రెండో దోపిడి.

ఈ రెండో దోపిడికి నేల వాలు కూడా తోడైంది. వాన పడితే ఎత్తు మీది చెల్కల మట్టి కొట్టుకొచ్చి చెరువులో చేరుతది. చెరువు కింది తరి పొలాలకు ఆ సారం నీటితో దిగుతది. అంటే ఎత్తు భూమి పోగొట్టుకుంటది, పల్లపు భూమి సంపాదిస్తది. స్వాతంత్ర్యం తర్వాత లావుణి పట్టాల పేరుతో దళితులకు పంచిన భూముల్లో ఎక్కువ ఎక్కడున్నయి? గుట్టబోర్ల మీద, రాళ్ల చెల్కల్లో. కాగితం మీద ఎకరం ఎకరమే. నేలలో చూస్తే ఒకటి ఏటేటా సారం పోగొట్టుకునే ఎకరం, మరొకటి ఆ సారాన్ని తినే ఎకరం.

శిఖం కోసం కొట్లాట

ఈ వెలుగులో జగిత్యాల పోరాటాన్ని మళ్లా చదవాలె. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాది అక్టోబర్ 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోరాటం డిమాండ్లు అందరికీ తెలిసినవే: వెట్టి రద్దు, కూలిరేట్ల పెంపు, దొరలు వసూలు చేసిన జరిమానాల వాపసు. వాటితోపాటు బంజర్లు, శిఖం భూములు.

శిఖం అంటే చెరువు నీరు నిలిచే భూమి. నీరు వెనక్కి పోయినప్పుడు బయటపడే ఆ అడుగుమట్టిలో ఊరి చుట్టుపక్కల చెల్కల నుంచి కొట్టుకొచ్చిన సారమంతా పేరుకుని ఉంటది. అక్కడ పెద్దగా ఎరువు లేకుండా పంట వస్తది. చెరువు ఊరందరిది, చట్టం ప్రకారం సర్కారీ శిఖం ఎవరి సొంతమూ కాదు. అయినా చాలా ఊర్లలో దొరలు దాన్ని దున్నుకున్నరు. దళితులు, కింది బహుజనులు శిఖంలో నాగలి పెట్టినప్పుడు వాళ్లు అడిగింది ఎకరాల లెక్క మాత్రమే కాదు. తమ తాతలు మోసిన పెంట, తమ చెల్కల నుంచి కొట్టుకపోయిన మట్టి చేరిన చోటు అది. శిఖాన్ని ఎవలు దున్నినా చెరువుకు నష్టమేనన్న మాట నిజమే. కాని ఆ మాట దొర దున్నినన్ని రోజులు ఎవలూ అనలేదు, దళితుడు దున్నగానే చట్టం గుర్తుకొచ్చింది.

పోరాటం తర్వాత చాలా ఊర్లలో వెట్టి పోయింది. దొరలు పట్నాలకు పోయిండ్రు. తెలంగాణ చరిత్రలో అది పెద్ద గెలుపు. సరిగ్గా ఆ కాలంలోనే నేలలో ఇంకో మార్పు మొదలైంది.

బస్తా వచ్చింది

పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ 1963 జూలై 26న పునాదిరాయి వేసిండు. 1970ల నుంచి కాకతీయ కాలువ నీళ్లు జగిత్యాల, కోరుట్ల వైపు పొలాలకు చేరుతూ వచ్చినయి. ఐఆర్-8 మొదలుకొని పొట్టి వరి రకాలు వచ్చినయి. అవి ఎరువు పెడితేనే పండే రకాలు. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి జగిత్యాల సన్నాలు వంటి రకాలు వచ్చినయి. అదే జిల్లాలో రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సింగరేణి బొగ్గుతో గాలి నత్రజనిని యూరియాగా మార్చింది. 1999లో మూతపడి, గ్యాస్ ఆధారంగా 2021లో మళ్లీ తెరుచుకుంది.

గాలిలోని నత్రజనిని ఫ్యాక్టరీలో పట్టే పద్ధతిని ఫ్రిట్జ్ హేబర్ 1909లో చూపిండు, కార్ల్ బాష్ 1913 నాటికి దాన్ని పెద్ద పరిశ్రమగా నిలబెట్టిండు. ఇది మన వాడలకు ఏం చేసిందో లెక్క వేద్దాం. పశువుల ఎరువులో నత్రజని రమారమి అర శాతం. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20 కిలోలకు పైనే. అంత నత్రజని పెంట రూపంలో పొలానికి చేరాలంటే నాలుగు టన్నులు మోయాలె. తట్టకు ఇరవై కిలోలు వేసుకుంటే రెండు వందల తట్టలు. ఒక్క బస్తా రెండు వందల తట్టల బరువును నెత్తి మీది నుంచి దించింది. పాత ఎరువులే మంచివని రాసే పెద్దలు ఈ లెక్క ముందు వేసుకోవాలె. ఆ తట్ట కింద ఎవరి నెత్తి ఉండేదో అడగాలె.

బస్తాకు అవతలి వైపు కూడా ఉంది. పెంటలో నత్రజని ఒక్కటే లేదు. భాస్వరం, పొటాష్, జింకు ఉన్నయి, మట్టిని గుల్లగా ఉంచే కర్బనం ఉంది. బస్తా అవన్నీ ఇయ్యదు. నీళ్లు నిలిచిన వరిపొలంలో చల్లిన యూరియాలో పైరుకు అందేది సాధారణంగా మూడో వంతు కొంచెం అటుఇటు. మిగిలింది గాలిలోకి పోతది, నీళ్లలోకి దిగుతది. గాలిలోకి పోయినదాంట్లో నైట్రస్ ఆక్సైడ్ కొంత, అది బొగ్గుపులుసు వాయువు కన్నా వందల రెట్లు భూమిని వేడి చేసే వాయువు. నీళ్లలోకి దిగింది నైట్రేట్‌గా బాయిల్లో, బోర్లలో తేలుతది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించొద్దని ప్రమాణం, తెలంగాణలో చాలాచోట్ల భూగర్భజలం దాన్ని దాటింది. డీఏపీ ఏండ్ల తరబడి వేయడం వల్ల నేలల్లో భాస్వరం పేరుకుపోయిందని, తగ్గించి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెబుతున్నరు. పొలం నుంచి కడిగిన ఎరువు చెరువులో చేరితే గుర్రపుడెక్క, నాచు పెరిగి చేపకు ఊపిరాడదు. నష్టం ముదిరాజులకు, గంగపుత్రులకు. రెండు కార్లు వరే వేసిన చోట కంది, పెసర, అనుము వెనక్కి పోయినయి. నేలకు ఉత్తగ నత్రజని ఇచ్చే పైర్లు పోయినయి, కూలోని గిన్నెలో పప్పు పలుచబడ్డది.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు, చెరకు ప్రత్యేకంగా చెప్పుకోవాలె. పసుపు నేలను బాగా తినే పంట, పాత రోజుల్లో బండ్లకొద్ది పెంట పోసి వేసేది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు పిండగా మిగిలే మడ్డి మళ్లీ పొలానికి ఎరువుగా పనికొచ్చేది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డది. కార్మికుల జీతాలతో పాటు ఆ చిన్న చక్రం కూడా తెగింది.

బస్తా ఎవరి పేరు మీద

యూరియా బస్తా ధర 2018 నుంచి పన్నులు కాక 242 రూపాయలు. తయారీ ఖర్చులో ఎక్కువ భాగం సబ్సిడీగా ప్రభుత్వం భరిస్తది. ఆ సొమ్ము ఎవరికి చేరుతది? ఎక్కువ బస్తాలు వాడేటోళ్లకు, అంటే ఎక్కువ భూమి, ఎక్కువ నీళ్లు ఉన్నోళ్లకు. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టా ఉన్న ఎకరానికే పైసలు ఇచ్చింది, కౌలుదారుకు ఇయ్యలేదు. దళితులకు మూడెకరాల భూమి అని 2014 ఆగస్టు 15న మొదలైన పథకం కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసింది ప్రభుత్వ ఖర్చుతో, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టర్ ఉన్నోనికి, కిరాయి పెట్టగలిగినోనికి నల్లమట్టి దక్కింది. గుట్టబోరు మీది లావుణి పట్టాదారు, ఏ మట్టి తన చెల్క నుంచి కొట్టుకపోయిందో అదే మట్టిని డబ్బు పెట్టి తెచ్చుకోవలసి వచ్చింది.

భూమి లేనోళ్ల పిల్లలు ఏమైండ్రు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి గల్ఫ్‌కు పోయిండ్రు. ఈ దేశం దిగుమతి చేసుకునే యూరియాలో పెద్ద భాగం ఒమన్, ఖతర్, సౌదీల నుంచి, అక్కడి గ్యాస్ నుంచి వస్తది. మన పిల్లలు అక్కడికి, అక్కడి నత్రజని ఇక్కడికి. పొలం యజమానికి బస్తా ముట్టింది, వాడకు మనియార్డర్, అప్పుడప్పుడు శవపేటిక ముట్టింది. 2025 వానాకాలంలో బస్తాల కోసం తెలంగాణ రైతులు చెప్పులు వరుసలో పెట్టి రోజుల తరబడి నిలబడ్డప్పుడు తెలిసింది, మన నేల చక్రం ఎంత దూరం సాగి, ఎంత సన్నటి తాడు మీద వేలాడుతున్నదో.

పట్నం వైపు చక్రం ఇంకా అధ్వాన్నం. పెద్దమనిషి మలమూత్రాల్లో ఏడాదికి రెండున్నర నుంచి నాలుగు కిలోల నత్రజని ఉంటది. జగిత్యాల బియ్యం తిన్న హైదరాబాద్ దాన్ని మూసీలో కలుపుతది. ఆ మురుగులో దిగేది మళ్లా మన మనుషులే. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో, 2013లో చట్టాలు వచ్చినయి. కోలార్ గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఏండ్ల తరబడి కొట్లాడింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో చావులు ఆగలేదు.

గోవు పేరు మీద తట్ట మళ్లా రావొద్దు

ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం మాట గట్టిగ వినపడుతున్నది. ఆవు పేడ, ఆవు మూత్రం అమృతమని చెబుతున్నరు. నేలకు కర్బనం కావాలె, పేడ కావాలె, పప్పుపైర్లు కావాలె, ఇందులో తగాదా లేదు. తగాదా వేరేచోట ఉంది. కొట్టం ఎవలు ఊడుస్తరు? తట్ట ఎవలు ఎత్తుతరు? ఏ కూలికి? ఎవరి పొలంలో పోస్తరు? ఈ ప్రశ్నలు అడగని ప్రకృతి వ్యవసాయం పాత ఊరిని తలుచుకుని మురిసిపోవడమే. ఆ పాత ఊరిలో మన చోటు ఎక్కడో మనకు తెలుసు.

1927 మార్చిలో మహద్ సదస్సులో అంబేడ్కర్ చచ్చిన గొడ్లను ఈడ్వడం, వాటి మాంసం తినడం మానేయమని పిలుపునిచ్చిండు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కొట్టినప్పుడు, అక్కడి దళితులు కళేబరాలను ముట్టబోమని తిరగబడ్డరు. ఎనభై తొమ్మిదేండ్ల ఎడంతో రెండు చోట్లా చెప్పింది ఒకటే: చక్రం తిరగాలంటే తిప్పేటోనికి హక్కు, గౌరవం, వాటా ఉండాలె. వాటా లేని చోట పని మానేయడం న్యాయమే.

అందుకే నేల సారం ప్రశ్నను మనం భూమి ప్రశ్నలో భాగంగా ఎత్తుకోవాలె. పంచే భూమి గుట్టబోరు కాదు, నీరు, సారం పారే భూమి కావాలె. ఇప్పటికే లావుణి పట్టాలున్న దళితుల చెల్కలకు చెరువు మట్టి ప్రభుత్వ ఖర్చుతో తోలాలె, మట్టి మళ్లా కొట్టుకపోకుండా ఉపాధి హామీ పనుల్లో ఒడ్లు కట్టాలె. ఎరువుల సబ్సిడీ దున్నేటోనికి, కౌలుదారుకు చేరాలె. పెంట ఎత్తుడు, కళేబరాలు తీసుడు, మురుగు శుద్ధి ఏ కులానికీ అంటగట్టని, యంత్రాలతో, మంచి జీతంతో చేసే పనులు కావాలె. చదువుకునే మన పిల్లలు తమ ఊరి పటం గీయాలె. అందులో చెరువు ఎక్కడ, గుట్ట ఎక్కడ, వాడ ఎక్కడ, ఎవరి పట్టా ఏ వాలులో ఉందో గుర్తు పెట్టాలె. వాన నీళ్లు ఏ పొలం నుంచి ఏ పొలానికి పోతున్నయో ఆ పటం మీద గీతలు గీస్తే, ఈ వ్యాసంలో చెప్పింది వాళ్ల ఊరి లెక్కలో ఎంతవరకు నిలుస్తదో వాళ్లే తేలుస్తరు.